తిప్పి పెట్టిన ఫొటో

“అది గడియ వేసుకుందంటే చాలు, నా కాళ్ళు చల్లబడిపోతున్నాయి అక్కా. లోపల ఏం చేసుకుంటుందో ఏమో! పోనీ గడియ పీకించేద్దామంటే, ఆ కోపంలో ఇంకేం చేస్తుందోనని అదో భయం.”

డిటెక్టివ్ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోనే పిల్ల తల్లి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

“పీకించెయ్యమ్మా. కోపం వస్తే రానీ. కోపం వచ్చిన పిల్ల కనీసం అరుస్తుంది. మనకిప్పుడు కావలసింది అదేగా.”

ఈ డిటెక్టివ్‌కి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లోనే అందరూ దాన్ని మరిచిపోయి గుబులమ్మ అనడం మొదలుపెట్టారు. వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు వినిపిస్తే అందరూ పిల్లి అనుకుంటారు, ఆమె మాత్రం మనిషి పడిపోయాడనుకుంటుంది. చాలాసార్లు అది పిల్లే. పిల్లి కాని రోజు కోసమే జనం ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ గుబులు మాత్రం ఆమెను వదల్లేదు. ఆమెకూ హాస్టల్లో ఒక కూతురుంది. ఈ ఇంటికి వస్తూ దారి పొడుగునా దానికి ఫోన్లు చేస్తూనే ఉంది. చివరికి ఆ పిల్ల, “అమ్మా, బతికే ఉన్నాను, క్లాసులో ఉన్నాను, పెట్టెయ్!” అని విసుక్కుంది. ఆ విసుగు విన్నాకే గుబులమ్మకి ఊపిరాడింది.

ఈ ఇంటి పిల్ల విసుక్కోవడం కూడా మానేసి మూడు రోజులయింది.

మంగళవారం సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు పిల్ల ఫోన్ మోగింది. పదిహేనేళ్ళ పిల్ల మొహంలో రక్తం ఒక్కసారిగా ఇంకిపోవడం చూసి తల్లి ఫోన్ లాక్కుంది. పంపినవాడికి పేరు లేదు, బొమ్మ లేదు. సందేశం మాత్రం ఉంది.

‘జడ్జిగారూ, నీలం రంగు నీకు నప్పలేదు. నిన్న ట్యూషన్ మెట్ల మీద వేసుకున్న పచ్చదే బావుంది. నేనడిగింది శుక్రవారం లోపు చెప్పు. నోరు విప్పావో, ముందు పోయేది నువ్వు కాదు.’

అంతకు ముందువి ఏమున్నాయో తెలియదు. పిల్ల ఎప్పటికప్పుడు చెరిపేసింది. ఆ రాత్రి నుంచి నోరు విప్పలేదు. తండ్రి పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు, వార్త తెలిసి బయల్దేరాడు గానీ ఇంకా దారిలోనే ఉన్నాడు. ఈ రోజు శుక్రవారం. మధ్యాహ్నం దాటింది.

హాల్లో సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పక్కన పారదర్శకమైన కవరులో పిల్ల ఫోన్ ఉంది. అతను ఒకప్పుడు గుబులమ్మ చేతి కింద శిక్షణ పొందినవాడే. ఆ సంగతి గుర్తుచేస్తే ఇప్పుడు అతనికి నచ్చదు.

“రండి గుబులమ్మగారూ! శవం ఎక్కడుందో కనిపెట్టారా?”

“ఇంకా లేదు బాబూ. అందుకే తొందరగా వచ్చాను.”

అతని నవ్వు సగంలో ఆగింది. “మీరు కంగారు పడి వీళ్ళని కంగారు పెట్టకండి. ఇది హ్యాకింగ్. ఎవడో ఫోన్లోకి దూరి కెమెరాలోంచి చూస్తున్నాడు. వాడి ఖాతా మూడు దేశాలు చుట్టి వస్తోంది, తవ్వడానికి టైం పడుతుంది. ఈలోగా ఇక్కడ ఇంటర్నెట్ బిగించినవాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టాం.”

“వాడేమన్నాడు?”

“ఏడుస్తున్నాడు.”

“స్టేషన్లో నేనైనా ఏడుస్తాను. అది సరే, కెమెరాలోంచి చూస్తే పిల్ల మొహం కనిపిస్తుంది, గది కప్పు కనిపిస్తుంది. ట్యూషన్ మెట్లు, వాటి మీద నిలబడ్డ పిల్ల, పిల్ల వేసుకున్న బట్టలు, ఇవన్నీ కలిపి ఎలా కనిపించాయి? అలా కనబడాలంటే ఎదురుగా ఎవరో నిలబడి ఫొటో తియ్యాలి కదా?”

“అయితే వెంటపడేవాడు. ట్యూషన్ దగ్గర మనిషిని పెడతాను. మీకు ఇంకేం కావాలి?”

“పంపేవాడెవడో నువ్వు తవ్వు. వాడికి చెప్పేదెవరో నేను చూస్తాను.”

“చెప్పేదెవరు అంటే? ఇంట్లోవాళ్ళా?” అతను తల్లి వైపు చూసి గొంతు తగ్గించాడు. “మీ పద్ధతి మారదు మేడమ్. ముందు ఇల్లంతా ఏడిపించాలి, తర్వాత కేసు.”

గుబులమ్మ అతనికి జవాబివ్వకుండా పిల్ల గది తలుపు ముందుకెళ్ళి నిలబడింది.

“అమ్మడూ, నేనేమీ అడగను. ఊరికే గది చూసి పోతాను. నువ్వు మాట్లాడొద్దు. మాట్లాడితే నాకు జవాబు చెప్పే పని, నాకు ఓపిక లేదు.”

కొంతసేపటికి లోపల గడియ జరిగింది.

పట్టపగలు ఆ గదిలో లైటు వెలుగుతోంది. కిటికీ తెరలు రెంటినీ దగ్గరికి లాగి, బట్టలారేసే క్లిప్పులు వరసగా పెట్టింది. లాప్‌టాప్ కెమెరా మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ అంటించి ఉంది. అద్దం మీద తువ్వాలు కప్పింది. స్కూలు బ్యాగుకి పేరు, తరగతి రాసి కుట్టిన గుడ్డముక్కని విప్పేసింది, దారప్పోగులు ఇంకా వేలాడుతున్నాయి. ఏదైనా తనని చూస్తుందేమో, ఏదైనా తన గురించి చెబుతుందేమో అనిపించిన ప్రతిదాని నోరూ కన్నూ మూసేసింది ఆ పిల్ల. మంచం మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది.

గుబులమ్మకి తన కూతురు గుర్తొచ్చింది. ఫోన్ మీదికి పోబోయిన చేతిని ఆపుకుని మళ్ళీ గది చూసింది.

బల్ల మీద ఒక ఫొటో ఫ్రేము గోడ వైపుకి తిప్పి ఉంది.

తిప్పి చూసింది. నెత్తిన నాలుగు వెంట్రుకలున్న పెద్దాయన, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆయన ఒళ్ళో పంటి సందు కనిపిస్తూ నవ్వుతున్న చిన్న పిల్ల. ఆ పిల్ల ఈ పిల్లే.

మంచం మీంచి పిల్ల ఒక్క ఉదుటున లేచి వచ్చింది. ఫ్రేము తీసుకుని మళ్ళీ గోడ వైపుకి తిప్పి పెట్టేసింది. తిరిగి వెళ్ళి కూర్చుంది.

అద్దం కప్పిందంటే అర్థముంది. కెమెరా మూసిందంటే అర్థముంది. ఫొటోలో నవ్వుతున్న ఈ పెద్దాయన చూస్తే ఏమవుతుంది?

గుబులమ్మ మంచం పక్కన నేల మీద చతికిలబడింది. “ఏమీ అడగనన్నాను. అబద్ధమాడాను. ఒక్కటే అడుగుతాను. ‘ముందు పోయేది నువ్వు కాదు’ అన్నాడు వాడు. మరి ఎవరమ్మా?”

పిల్ల పెదవులు బిగుసుకున్నాయి. కళ్ళు నిండాయి గానీ నోరు కదల్లేదు. గుబులమ్మ ఆ ప్రశ్నని ఆ గదిలోనే వదిలి లేచింది.

“తలుపు దగ్గరగా వేస్తున్నాను, గడియ పెట్టకు. అమ్మ గుండె ఆగిపోతే ఆ కేసు కూడా నా మీదే పడుతుంది.”

హాల్లో పిల్ల నానమ్మ సోఫా చివర కూర్చుని ఫోన్లో పువ్వుల బొమ్మలు పైకీ కిందికీ జరుపుతోంది.

“పెద్దమ్మగారూ, ఈ ఇంట్లో జడ్జిగారెవరు?”

ఆవిడ మొహం వికసించింది. “అయ్యో, మా పెద్ద మనవరాలే! నాలుగేళ్ళప్పుడు టీవీ రిమోట్ కోసం నేనూ మా ఆయనా పోట్లాడుకుంటుంటే మధ్యలోకొచ్చి, ఇద్దరిదీ తప్పే అని రిమోట్ తనే పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి ఆయనకిది జడ్జిగారు.”

“ఇంకెవరు పిలుస్తారు అలా?”

“ఇంకెవరూ పిలవరు. పిలిస్తే ఆయన ఊరుకునేవారు కాదు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. చిన్నదానికైతే ఇంకా చెప్పనే లేదు, దూరంగా ఆస్పత్రిలో ఉన్నారనే చెప్పాం. మా చిన్నబ్బాయి కూతురు, చిట్టి. ఎనిమిదేళ్ళది, బెంగ పెట్టుకుంటుందని.”

ఇన్‌స్పెక్టర్ సగం విని, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అన్నాడు. “ముద్దుపేరు పిల్ల ఫోన్లోనే ఎక్కడో దొరికుంటుంది. అందుకే హ్యాకింగ్ అంటున్నాను.”

గుబులమ్మ తల్లి వైపు తిరిగింది. “సోమవారం పిల్ల ట్యూషన్ మెట్ల మీద పచ్చ బట్టల్లో నిలబడ్డ ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా?”

తల్లి కళ్ళు రెపరెపలాడించింది. “నా దగ్గరుంది.”

“నీ దగ్గరా?”

“అది ‘చేరాను’ ఫొటో అక్కా. ఎక్కడికి వెళ్ళినా చేరగానే ఫొటో తీసి పెట్టాలి, అది మా ఇంటి రూలు. సెల్ఫీ అయితే ఎక్కడైనా తీసుకోవచ్చు కదా, అందుకని ఫ్రెండు చేత నిలువెత్తుగా తీయించి పంపమన్నాను, వెనకాల బోర్డు కనబడేలా. బస్సు ఎక్కితే బస్సు నంబరు కనబడాలి. నా భయం నాది.”

“నీ ఒక్కదానికే పంపుతుందా?”

“ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది. నేను పనిలో ఉండి చూసుకోకపోతే, ఇంకెవరైనా చూస్తారు కదా. అంతా మనవాళ్ళే అక్కా! అత్తయ్య, మరుదులు, ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు.”

గుబులమ్మ ఆ ఫోన్ తీసుకుని వేలితో పైకి జరుపుతూ పోయింది. స్కూలు గేటు ముందు పిల్ల. ట్యూషన్ బోర్డు కింద పిల్ల. బస్సు మెట్టు మీద పిల్ల. మెడలో స్కూలు కార్డు, దాని మీద పేరు, తరగతి. ఏ రోజు ఎక్కడుంటుందో, ఏ వేళకి వస్తుందో, ఏ దారిన వెళ్తుందో అంతా అక్కడే ఉంది. భయపడి కన్నతల్లి కట్టుకున్న కాపలా అది. దొంగకి కావలసినదంతా అందులోనే ఉంది.

“వాడికి హ్యాకింగ్ అక్కర్లేదు బాబూ. ఎవరో ఈ గ్రూపులో కూర్చుని చూస్తున్నారు.”

ఇన్‌స్పెక్టర్ ఈసారి గట్టిగానే నవ్వాడు. “అంటే విలన్ మేనత్తంటారా? పువ్వుల బొమ్మలు పెట్టే బామ్మగారంటారా?”

“చూద్దాం.” తల్లి పక్కన కూర్చుంది. “ఒక పని చెయ్యి. పిల్లకి ఒంట్లో బాగాలేదు, బంధువులింటికి పంపేశాం అని ఇందులో పెట్టు. ఈ మాట గ్రూపులో తప్ప ఎవరికీ తెలియకూడదు. వాడికి తెలిసిందంటే ఇక్కడి నుంచి తెలిసినట్టే. నిజంగా పంపొద్దు, ఊరికే పెట్టు.”

“ఎవరింటికని పెట్టను? ఎవరింటికన్నా వాళ్ళే ‘మా ఇంటికి రాలేదే’ అంటారు.”

“ఫోన్ చూసుకోనివాళ్ళు ఎవరున్నారు?”

“మా చిన్నమరిది, తోడికోడలు. ఆఫీసులో ఫోన్లు తీయనివ్వరు. పోయిన నెలే కొత్త ఇంటికి మారారు, ఇంకా ఎవరూ చూడను కూడా లేదు.”

“అదే పెట్టు.”

తల్లి ఒంటివేలితో అక్షరం అక్షరం కొట్టడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, ఆలోచించి, ఇంకా ఏదో చేర్చింది. ఆ సేపంతా గుబులమ్మ చూపు పిల్ల గది తలుపు సందు మీదే ఉంది. ఆ సందులో ఒక నీడ కదిలింది. పిల్ల వింటోంది. సంతోషించింది గుబులమ్మ. ఆ సంతోషంలో, తల్లి కొట్టినదాన్ని పంపే ముందు ఒకసారి చదవాలన్న ఆలోచన ఆమెకి రాలేదు.

“పెట్టేశాను.”

జవాబులు వరదలా వచ్చాయి. ‘అయ్యో ఏమైంది వదినా?’ ‘వేడినీళ్ళు తాగించండి.’ ఒక పెద్దమనిషి అన్ని రోగాలకీ ఒకటే మందంటూ పెద్ద వీడియో పెట్టాడు. దాని కింద నానమ్మ రెండు గులాబీలు పెట్టింది.

“నేరస్థుడు గులాబీలతో దొరికిపోయాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మేడమ్, ఇక నా పని నన్ను...”

కవరులో ఉన్న పిల్ల ఫోన్ అతని మోచేతి పక్కనే మోగింది.

అతను కవరు మీంచే చదివాడు. రెండోసారి పైకి చదివాడు. “‘చివరికి చెప్పారన్నమాట. థాంక్స్ జడ్జిగారూ.’”

తల్లి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ మూసేశాడు. అతని గొంతులో వెటకారం పోయింది.

“మీ సందేశం మీద వేలు నొక్కి పట్టండమ్మా. ఎవరెవరు చదివారో చూపిస్తుంది. ఇప్పటిదాకా చదివినవాళ్ళే మనకి కావాలి.”

అతనే ఆమె ఫోన్ తీసుకుని నొక్కి, ఒక్కో పేరూ చదివాడు. “పెద్దాడపడుచు. మేనల్లుడు. అత్తయ్య. మామగారు. అంతే, మిగతావాళ్ళు ఇంకా చూడలేదు. ఈ మామగారెక్కడుంటారు? ఆయనతో మాట్లాడాలి.”

తల్లి అత్తగారి వైపు చూసింది.

“చూశారా?” అంది నానమ్మ. సోఫాలోంచి సగం లేచింది. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. “ఆయన చూశారా? ఏదీ, నాకు చూపించు నాయనా!”

గుబులమ్మ ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ భుజం ఎండుపుల్లలా ఉంది. వెలుగు ఎంత తొందరగా వచ్చిందో అంతే తొందరగా ఆవిడ మొహంలోంచి పోయింది.

“మామగారు లేరండీ. ఫోన్ బీరువాలో ఉంది, ఛార్జింగు కూడా లేదు. నంబరు గ్రూపులోంచి తీసేద్దామని మా ఆయన అన్నారు ఒకసారి...” తల్లి మాట పూర్తి చేయలేకపోయింది.

“నేనే వద్దన్నాను,” అంది నానమ్మ. “ఇంట్లోంచి ఒకసారి పంపించాం, చాలదా? ఇందులోంచి కూడా తోలెయ్యాలా అని అడిగాను. ఆయన పేరు అందులో కనబడుతుంటే ఇంట్లో ఉన్నట్టే ఉండేది.”

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా చెప్పాడు, ఆవిడకి కాదు, నేల వైపు చూస్తూ. “రీఛార్జి చేయకుండా కొన్నాళ్ళు వదిలేస్తే ఆ నంబరుని కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది బామ్మగారూ. కొన్నవాడు తన ఫోన్లో వేసుకున్నాడు. గ్రూపులో ఆ నంబరు అలాగే ఉంది. నోరు మెదపకుండా కూర్చున్నాడు.” తల ఎత్తాడు. “మేడమ్, మీరు చెప్పిందే నిజం. ఆ నంబరు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో పది నిమిషాల్లో కనుక్కుంటాను.” ఫోన్ తీసి స్టేషన్‌కి చేయడం మొదలుపెట్టాడు.

గెలిచినట్టే. అయినా గుబులమ్మకి గుబులు వదల్లేదు, ఇంకా పెరిగింది. పిల్లని వేరే ఇంటికి పంపారని తెలిస్తే వాడు బెదిరించాలి. ‘ఎవరికి చెప్పావు’ అని గద్దించాలి. థాంక్స్ ఎందుకు? చివరికి చెప్పారన్నమాట అంటాడేమిటి? ఏం చెప్పాం వాడికి?

గుబులమ్మ తల్లి ఫోన్‌ని తన చేతిలోకి తీసుకుని, ఇందాక చదవని సందేశాన్ని ఇప్పుడు చదివింది.

‘అందరికీ నమస్కారం. మా పెద్దదానికి ఒంట్లో బాగాలేక బాబాయి వాళ్ళ కొత్త ఇంటికి పంపాం. ఇల్లు ఎవరికీ తెలియదు కదా, వెతుక్కోకుండా కింద అడ్రసు, మ్యాపు కూడా పెడుతున్నాను. బాబాయి, పిన్ని ఆరింటికి గానీ రారు. ఈలోగా చూడ్డానికి వెళ్ళేవాళ్ళు బెల్లు కొడితే చిట్టి తలుపు తీస్తుంది.’

కింద వీధి పేరు. ఇంటి నంబరు. రెండో అంతస్తు అని కూడా.

“ఇదంతా ఎందుకు రాశావమ్మా?”

“నమ్మాలి కదా అక్కా అని... ఊరికే పంపామంటే అబద్ధంలా ఉంటుందని...”

పిల్ల గది తలుపు తెరుచుకుంది. పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది, మూడు రోజులుగా దువ్వుకోని జుట్టుతో. గుబులమ్మ చేతిలో ఉన్న తల్లి ఫోన్ వైపు చూసింది. గుబులమ్మ వెళ్ళి దాన్ని ఆమె ముందు పట్టుకుంది. పిల్ల చదివింది. ఒక్కో వాక్యం దగ్గరా పెదవులు కదిలాయి, శబ్దం మాత్రం రాలేదు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

“చెప్పు తల్లీ,” అంది గుబులమ్మ. “ఇందాక అడిగాను. ముందు పోయేది ఎవరు?”

అవతల స్టేషన్లో ఎవరో ఫోన్ ఎత్తినా ఇన్‌స్పెక్టర్ దాన్ని చెవి నుంచి దించేశాడు. పిల్ల మూడు రోజులు వాడకుండా పెట్టిన గొంతు బొంగురుగా, పెద్దదాని గొంతులా వచ్చింది.

“తాతయ్య పోయాక కూడా నేను తాతయ్య నంబరుకి మెసేజ్‌లు పెట్టేదాన్ని ఆంటీ. ‘ఇట్లు మీ జడ్జిగారు’ అని రాసేదాన్ని. చిట్టి ఏడుస్తుంటే దానికీ నేర్పాను, ట్యాబ్‌లో తాతయ్యకి వాయిస్ పెట్టమని. ఒక రోజు జవాబొచ్చింది. నాకు భయమేసింది, ఆపేశాను. చిట్టి ఆపలేదు. వాడు తాతయ్యలా రాస్తాడు దానికి. చిట్టి ఎక్కడుంటుందని నన్నడిగేవాడు. దానికి కొత్త ఇంటి అడ్రసు రాదు. అందుకే నన్నడిగాడు, రోజూ అడిగాడు.” ఆమె తల్లి వైపు చూడలేదు. “మాట్లాడితే ఎక్కడ బయటికొచ్చేస్తుందోనని నోరే విప్పలేదు. వాడు నన్నడిగింది ఆ ఒక్క అడ్రసే.”

తల్లి నోట్లోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే కారు తాళాలు అందుకున్నాడు.

“బెల్లు కొట్టి తాతయ్యనంటే,” అంది పిల్ల, “చిట్టి తలుపు తీసేస్తుంది ఆంటీ.”